జామాయిల్ వాసన

మోకాలి ఆపరేషన్ అయి నాలుగు నెలలు కావస్తోంది. మెల్‌బోర్న్‌లో చలి మొదలవుతోందంటే నాకంటే ముందు ఆ మోకాలికే తెలుస్తుంది. మొన్న రాత్రి మా ఆవిడ అలమరాలో వెనకెక్కడో పడున్న నీలగిరి తైలం సీసా వెతికి తెచ్చింది. "కదలకుండా కూర్చోండి" అని నాలుగు చుక్కలు అరచేతిలో వంపుకుని, కాస్త కొబ్బరినూనె కలిపి మర్దన మొదలుపెట్టింది. వాసన గుప్పుమంది. ఇంక నా మనసు ఆ గదిలో లేదు. ఎప్పటిదో ఒక రేకుల షెడ్డు, చెక్క బల్ల మీద బోర్లా పడుకున్న కుర్రాళ్ళు, తడిసిన ఉన్ని జెర్సీలు, కిటికీ అద్దాలకి పట్టిన ఆవిరి. మా పక్కింటి పెద్దాయన గొంతు: "సార్, ఆ తువ్వాలు ఇటు పడెయ్."

జామాయిల్ చెట్టు నాకు కొత్త కాదు. మా ఒంగోలు చుట్టుపక్కల తోటలకి తోటలే వేశారు. రొంప పడితే అమ్మ వేణ్ణీళ్ళలో ఆ ఆకులు వేసి, దుప్పటి కప్పి ఆవిరి పట్టించేది. ఇక్కడ దిగిన మొదటి వారం రోడ్డు పక్కన ఆ చెట్లు చూసి, "చూశావా, మన జామాయిల్ వీళ్ళు కూడా తెచ్చి వేసుకున్నారు" అన్నాను మా ఆవిడతో, చాలా ధీమాగా. దాని పుట్టిల్లు ఇదేననీ, మనకే ఇక్కణ్ణుంచి వచ్చిందనీ తర్వాత ఎవరో చెబితే తెలిసింది. అలాంటివి ఆ ఏడాది చాలా పోగయ్యాయి.

* * *

మేం వచ్చింది 1987లో. డాండినాంగ్ వైపు కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో మెషిన్ల మెయింటెనెన్స్ పని. నోబుల్ పార్క్‌లో అద్దెకి చిన్న ఇల్లు. క్యారమ్ డౌన్స్ గుడి అప్పటికి లేదు. తెలుగు మాట వినాలంటే శనాదివారాల్లో రెండు రైళ్ళు మారి ఎవరింటికో వెళ్ళాలి. కరివేపాకు రెబ్బ దొరికితే దాన్ని సగం సగం పంచుకునేవాళ్ళం.

పక్కింట్లో ఒక పెద్దాయన, ఆయన భార్య. ఆయన ట్రామ్ కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ట్రాముల్లో భుజానికి తోలు సంచీ తగిలించుకుని చిల్లర గలగలలాడిస్తూ తిరిగే కండక్టర్లు అప్పట్లో ఇంకా ఉండేవారు. తర్వాత మెషిన్లు పెట్టి వాళ్ళని తీసేశారు. ఆయన ఆ సంచీ దాచుకున్నాడు. అందులో వేరుశెనక్కాయలు పోసుకునేవాడు.

మొదటి రోజే తన పేరు చెప్పి, అలాగే పిలవమన్నాడు. నావల్ల కాలేదు. మా నాన్న వయసు మనిషిని పేరు పెట్టి ఎలా పిలవడం? "సార్" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. నెల రోజులు చెప్పి చూసి, నేను మారనని తేలిపోయాక ఆయనే నన్ను "సార్" అనడం మొదలుపెట్టాడు. గోడకి అటో సార్, ఇటో సార్. ఆయన భార్య నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకునేది.

ఆయనకి ఉన్న ఒకే ఒక్క వ్యసనం మెల్‌బోర్న్ ఫుట్‌బాల్ క్లబ్బు. ఎరుపు, నీలం జెర్సీలు. ముద్దుపేరు డీమన్స్. రాక్షసుల పక్షాన నిలబడటం నాకదే మొదలు. మెల్‌బోర్న్ అభిమానులంటే డబ్బున్నవాళ్ళనీ, చలికాలం రాగానే ఆట వదిలేసి మంచు కొండల మీద జారడానికి పోతారనీ మిగతా జట్లవాళ్ళు ఎగతాళి చేసేవారు. "నా మంచు కొండ ఇదే" అని ఆయన తన ఫ్రిజ్ మీద చెయ్యేసి చూపించేవాడు.

* * *

ఎంసీజీ, అంటే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్, పేరు నాకు ముందే తెలుసు. రెండేళ్ళ కిందటే అక్కడ పాకిస్తాన్ మీద ఫైనల్ గెలిచి, రవిశాస్త్రి ఆడి కారు నడుపుతుంటే మనవాళ్ళంతా ఆ కారు మీదెక్కి గ్రౌండ్ చుట్టూ తిరిగారు. ఆ గ్రౌండ్‌లో చలికాలం వేరే ఆట, వీళ్ళ ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, ఆడతారని మాత్రం తెలియదు. పిచ్చి ఆటలా కనిపించింది. జట్టుకి పద్దెనిమిది మంది. బంతి కోలగా ఉంటుంది, కింద పడితే ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. కాలితో తన్నొచ్చు, పిడికిలితో కొట్టి అందించొచ్చు, విసరడానికి మాత్రం లేదు. ఎగిరొచ్చే బంతి కోసం ఎదుటివాడి వీపు మీద మోకాళ్ళు ఆనించి మరీ పైకి లేస్తారు. రెండు వైపులా నాలుగేసి స్తంభాలు. నడిమి రెంటి మధ్యలోంచి వెళ్తే ఆరు, పక్క సందులోంచి వెళ్తే ఒకటి. గోల్ అయ్యిందో లేదో తేల్చేది తెల్ల కోటు, తెల్ల టోపీ పెట్టుకున్న ఒక మనిషి. మా ఊరి కాంపౌండర్‌లా ఉండేవాడు. రెండు చేతులా రెండు జెండాలు పట్టుకుని అటూ ఇటూ ఊపేవాడు.

శనివారం మధ్యాహ్నం రెండు గంటలంటే ఊరంతా ఆ ఆటే. రిచ్‌మండ్ స్టేషన్‌లో రైలు దిగి జనంతో పాటు నడవడం. "రెకార్డ్! రెకార్డ్!" అని పిల్లలు ఆ వారం ఆటగాళ్ళ వివరాలున్న చిన్న పుస్తకం అమ్మేవారు. ఆ కేక ఇప్పటికీ చెవిలో ఉంది. మొదటి అక్షరం మింగేసి, రెండోదాన్ని సాగదీసేవారు. గేటు బయట సంచుల్లో వేరుశెనక్కాయలు. లోపల చాలామంది నిలబడే చూసేవారు. పొట్టివాళ్ళు ఖాళీ బీరు డబ్బాలు పేర్చుకుని వాటి మీద ఎక్కేవారు. అందరూ వేడి మాంసం పై కొనుక్కుని టమాటా సాస్ పోసుకుని తినేవారు. మేం అది ముట్టం కాబట్టి స్టీలు టిఫిన్ డబ్బాలో పులిహోర. పెద్దాయన ఒకసారి రుచి చూసి, పచ్చిమిరపకాయ కొరికి, ఆటలో నాలుగో వంతు, ఒక క్వార్టరంతా, నీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. తర్వాతి వారం, "ఆ పసుప్పచ్చ అన్నం తెచ్చావా సార్?" అని ఆయనే అడిగాడు.

ఆట అయిపోగానే కంచె దాటి పిల్లా పెద్దా గ్రౌండ్‌లోకి దిగేవారు. ఎవరి బంతి వాళ్ళది. చీకటి పడేదాకా ఆ పచ్చికంతా ఎగిరే బంతులే. ఇప్పుడంత సులువుగా దిగనివ్వరు.

* * *

జిమ్ స్టైన్స్‌ని మొదటిసారి చూసింది ఆ చలికాలమే. ఆరడుగుల ఆరంగుళాల పొడుగు. అప్పట్లో ఆట మొదట్లో అంపైర్ బంతిని నేలకేసి కొడితే, పైకి లేచిన బంతి కోసం రెండు జట్ల నుంచీ ఒక్కో పొడుగాటివాడు ఎగిరేవాడు. ఆ పని ఇతనిది. అలాంటివాళ్ళు ఎగిరాక మెల్లగా అటూ ఇటూ తిరుగుతుంటారు. ఇతను మాత్రం పొట్టివాళ్ళతో సమానంగా గ్రౌండంతా పరిగెత్తేవాడు. అందం లేదు ఆ పరుగులో. చేతులు ఒకవైపు, కాళ్ళు ఒకవైపు, కొత్త చెప్పులతో పొలం గట్టు మీద నడిచేవాడిలా.

"వాడు మనవాడు కాదు. మీలాగే వచ్చాడు" అన్నాడు పెద్దాయన.

కథ ఆయనే చెప్పాడు. ఇక్కడి ఆటలో రాన్ బరాసీ అంటే మన దగ్గర కోడి రామమూర్తి అన్నట్టు. ఆయన మెల్‌బోర్న్ కోచ్‌గా ఉన్నప్పుడు ఆటగాళ్ళ కోసం ఐర్లండ్ వైపు చూశాడు. అక్కడి గేలిక్ ఫుట్‌బాల్‌కీ దీనికీ కాస్త పోలికలున్నాయి. బంతి మాత్రం గుండ్రం. చదువు చెప్పిస్తాం, ఆట నేర్పిస్తామని అక్కడి పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. అలా 1984 చివర్లో వచ్చిన డబ్లిన్ కుర్రాడు స్టైన్స్. పద్దెనిమిదేళ్ళు. అంతకు కొద్ది నెలల ముందే డబ్లిన్ కుర్రాళ్ళ జట్టుతో ఐర్లండ్ మొత్తం మీద గెలిచి వచ్చాడు. ఇక్కడ కోల బంతి తన్నడం చేతకాదు. అండర్-19లో ఒక ఏడాది, తర్వాతి ఏడాది ప్రరాన్ అనే చిన్న క్లబ్బుకి పంపారు. పెద్ద జట్టులోకి వచ్చింది 1987లో, నేను విమానం దిగిన ఏడాదే.

ఇలాంటి చిన్న సంగతులకి పరాయి దేశంలో ఎందుకంత విలువ వస్తుందో తెలియదు. అప్పటినుంచి నేను ఆట చూడటం మానేసి అతన్ని చూడటం మొదలుపెట్టాను.

* * *

ఆ సెప్టెంబరు సంగతి రాయకుండా ఉండలేను.

మెల్‌బోర్న్ క్లబ్బు 1964 తర్వాత ఫైనల్స్ ముఖం, అంటే సీజను చివర మేటి జట్లు కప్పు కోసం ఆడే ఆటల ముఖం, చూడలేదు. ఇరవై మూడేళ్ళు. రాబీ ఫ్లవర్ అని బక్కపల్చటి మనిషి, చూస్తే లెక్కల మాస్టారనుకుంటాం, అంత మంచి ఆటగాడు పదిహేనేళ్ళుగా ఆడుతూ ఒక్క ఫైనల్స్ ఆటా ఆడలేదు. ఆ ఏడాది చివరికి వచ్చారు. రెండు ఆటలు గెలిచారు. మూడోది హాథార్న్ మీద, వేవర్లీలో. అది గెలిస్తే గ్రాండ్ ఫైనల్.

వేవర్లీ గ్రౌండ్ మా ఇంటికి దగ్గరే. రైలు లేదు, చుట్టూ ఖాళీ నేల, ఎప్పుడూ ఈదురుగాలి. ఆయన కార్లో వెళ్ళాం. మధ్యలో తోలు సంచీ, సంచీలో కాయలు. రోజంతా మెల్‌బోర్నే ముందుంది. చివరి నిమిషాల్లో తేడా నాలుగు పాయింట్లు. ఆయన కాయలు ఒలుస్తున్నాడు గానీ తినడం లేదు. ఒలిచిన పప్పు నా చేతిలో పెడుతున్నాడు. నేనూ తినడం లేదు. గుప్పిట నిండిపోయింది.

అప్పుడు హాథార్న్ ఆటగాడు గ్యారీ బకనారాకి ఫ్రీ కిక్ వచ్చింది. చాలా దూరం, యాభై మీటర్ల పైమాటే. సైరన్ మోగింది. ఆ ఒక్క తన్ను మిగిలింది, అంతే. అంత దూరం నుంచి కొట్టలేడులే అని మా చుట్టూ ఉన్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కావలించుకోవడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి. ఫ్రీ కిక్ వచ్చినవాడు బంతి పట్టుకుని ఉంటాడు. ఎదుటి జట్టువాడొకడు అంపైర్ చూపించిన చోట నిలబడతాడు. ఆ ఇద్దరి మధ్యలోంచి ఇంకెవరూ పరిగెత్తకూడదు. మన చెడుగుడులో గీత లాంటిది, కాకపోతే నేల మీద కనిపించదు. స్టైన్స్ తను కాపలా కాస్తున్న హాథార్న్ ఆటగాడి వెంటపడి సరిగ్గా ఆ మధ్యలోంచి పరిగెత్తాడు. అంపైర్ ఈల వేశాడు. బకనారా పదిహేను మీటర్లు ముందుకి జరిగాడు. ఇప్పుడు దూరం కాదు. తన్నాడు. గోల్.

80-78.

కోచ్ జాన్ నార్తీ ఆ తర్వాత స్టైన్స్ ముఖంలో ముఖం పెట్టి అరవడం టీవీలో వచ్చింది. రాబీ ఫ్లవర్‌కి అదే ఆఖరి ఆట అయ్యింది. తర్వాతి ఏడాది ఆ పదిహేను మీటర్ల శిక్షని యాభై చేశారు.

కార్ల పార్కింగ్‌లోంచి బయటపడటానికి రెండు గంటలు పట్టింది. చుట్టూ హారన్లు. ఆయన ఇంజన్ ఆపేసి కూర్చున్నాడు. ఇరవై మూడేళ్ళు ఎదురుచూసిన మనిషి. తిడతాడనుకున్నాను. చాలాసేపటికి అన్నాడు: "కుర్రాడు తనవాణ్ణి వదిలిపెట్టకూడదనే పరిగెత్తాడు." అంతే. నా గుప్పిట్లో పప్పు చెమటకి మెత్తబడిపోయి ఉంది. అది అలాగే కోటు జేబులో వేసుకున్నాను.

* * *

అదే నెలలో నాది కూడా ఒకటి జరిగింది.

ఫోర్‌మన్ ఒక ప్రెస్ చూపించి, ఆ చివర ఇంకేదో చెప్పి హడావుడిగా వెళ్ళిపోయాడు. నాకు వినిపించిన ఆఖరి మాట "ఆర్వో". ఆర్వో కల్లా కావాలన్నాడా, ఆర్వో బిగించమన్నాడా తెలియలేదు. అడగడానికి మొహమాటం. ఆర్వో అంటే ఏదో విడిభాగం అనుకున్నాను. స్టోర్‌కి వెళ్ళి ఆర్వో ఇవ్వమన్నాను. స్టోర్ మనిషి ఏ సైజు అన్నాడు. వాడు ఆటపట్టిస్తున్నాడని ఇప్పుడు తెలుస్తుంది గానీ, అప్పుడు నేను నిజంగానే వెనక్కి వెళ్ళి టేపు పెట్టి కొలిచాను. మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళొచ్చేసరికి ప్రెస్ విప్పేసి ఉంది. లైను మూడు గంటలు ఆగింది. ఆర్వో అంటే ఇక్కడి వాళ్ళ వాడుకలో "మధ్యాహ్నం".

ఇప్పుడు మనవాళ్ళకి ఆర్వో అంటే మంచినీళ్ళ ప్లాంటు గుర్తొస్తుంది. ఆ ఫ్యాక్టరీలో పదేళ్ళ పాటు ఆర్వో అంటే నేనే. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా వినపడలేదు.

ఆ రాత్రి నాన్నకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. నీలం రంగు ఏరోగ్రామ్. మూడు మడతల్లో ఎంత పడితే అంతే. ప్రెస్ సంగతి రాయబుద్ధి కాలేదు. వెనక్కి వచ్చేస్తానని రాయాలనుంది, అదీ రాయలేదు. ఖాళీగా పంపలేక వేవర్లీలో చూసిందంతా రాశాను. ఐర్లండ్ నుంచి వచ్చిన కుర్రాడనీ, వేరే ఆట ఆడి పెరిగాడనీ, ఇలా పరిగెత్తాడనీ, జట్టు మొత్తం ఓడిపోయిందనీ.

మూడు వారాలకి జవాబొచ్చింది. వానలు, శనగ పైరు, తమ్ముడి పరీక్షలు. చివర్లో అంచున ఇరికించి: "ఆ ఐర్లండు అబ్బాయిని ఆటలోంచి తీసేశారా? ఆడుతున్నాడా?"

* * *

తర్వాతి ఏడాది మా ఆవిడ కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. ఐదు నెలలు ఒంటరిగా ఉన్నాను. నేను రోజూ ఉప్మాతో సరిపెట్టుకుంటున్నానని కనిపెట్టి, పెద్దాయన మంగళవారం, గురువారం సాయంత్రాలు నన్ను వెంటబెట్టుకెళ్ళేవాడు. మా పేటలో ఒక చిన్న క్లబ్బు ఉండేది. అక్కడి ఆటగాళ్ళకి ఆయన ఒళ్ళు పట్టేవాడు. జీతం లేదు. రేకుల షెడ్డు, రెండు బల్లలు, ఒక వేణ్ణీళ్ళ కుళాయి, పనిచేసినప్పుడు.

వచ్చేవాళ్ళు తాపీ పనివాళ్ళు, ప్లంబర్లు, బ్యాంకు గుమాస్తాలు. పనిదుస్తుల్లోనే వచ్చి జెర్సీ తొడుక్కునేవారు. ఆయన చేతులు మొరటువి. పిక్క మీద తైలం పోసి రెండు బొటనవేళ్ళతో కింది నుంచి పైకి తోస్తుంటే కుర్రాళ్ళు బల్ల అంచు పట్టుకుని మూలిగేవారు. ఆయన వాళ్ళతో ఆట గురించి మాట్లాడేవాడు కాదు. అమ్మ ఎలా ఉంది, ఉద్యోగం దొరికిందా, ఆ పిల్ల ఫోన్ చేసిందా, ఇవే. నా పని తువ్వాళ్ళు అందించడం, కట్లు చుట్టడం. ఇంటికొచ్చి స్నానం చేసినా ఆ వాసన పోయేది కాదు. దిండుకి కూడా అంటుకునేది. అమ్మ ఆవిరి పట్టించిన దుప్పటి గుర్తొచ్చేది. ఆ ఐదు నెలలూ నాకు నిద్ర బాగానే పట్టింది.

స్టైన్స్ ఆ ఏడాదంతా ఆడాడు. జట్టు ఈసారి గ్రాండ్ ఫైనల్‌కి వెళ్ళింది, మళ్ళీ హాథార్న్ చేతిలోనే 96 పాయింట్ల తేడాతో ఓడింది. దాని గురించి పెద్దాయనా నేనూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నాన్న ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఒక్కో ఉత్తరం అంచున అదే ప్రశ్న: ఆ అబ్బాయి ఆడుతున్నాడా? మా నాన్న ఆ ఆటని ఒక్కసారీ చూడలేదు. ఎంతమంది ఆడతారో కూడా తెలియదు. నేను ప్రతిసారీ ఒకే ముక్క రాసేవాణ్ణి: ఆడుతున్నాడు. నిజంగానే ఆడుతున్నాడు. ఒక్క వారమూ మానలేదు.

1991లో ఒక సోమవారం రాత్రి, సీజను మొత్తానికి మేటి ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో అనే మెడల్‌కి ఓట్ల లెక్కింపు. ప్రతి ఆటకీ అంపైర్లు ముగ్గురికి మూడు, రెండు, ఒకటి చొప్పున ఓట్లు వేసి దాచిపెడతారు. సీజను చివర్లో అవన్నీ ఒక్కొక్కటే చదువుతారు. నేను షిఫ్టులో ఉన్నాను. క్యాంటీన్ రేడియో చుట్టూ జనం. "మెల్‌బోర్న్, జె. స్టైన్స్, మూడు ఓట్లు" అన్నప్పుడల్లా, "ఆర్వో, మీవాడే!" అని నా వీపు మీద చరిచేవారు. ఇరవై ఐదు ఓట్లతో గెలిచాడు. నాలుగేళ్ళ కింద అతని పేరెత్తితే బూతులు తిట్టినవాళ్ళే బల్లలు బాదుతున్నారు. అర్ధరాత్రి ఇంటికొచ్చేసరికి పెద్దాయన మా గుమ్మం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో రెండు బీరు సీసాలు, ఒకటి తెరిచి. ఉత్తరానికి ఆగలేక మర్నాడు ఊళ్ళో కిరాణాకొట్టుకి ట్రంక్ కాల్ చేయించి నాన్నని పిలిపించాను. నిమిషానికింత అని బిల్లు పడుతుంటే నాన్న తీరిగ్గా అడిగాడు: "మెడల్ సరే, ఈ వారం ఆడుతున్నాడా?" అప్పటికి సీజనే అయిపోయింది. ఆడుతున్నాడనే చెప్పాను.

* * *

ఆ మధ్య ఏళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. 1993లో తన జట్టువాణ్ణే ఢీకొని పక్కటెముకల దగ్గర గట్టి దెబ్బ తిన్నాడు. చాలా వారాలు ఆడలేడన్నారు. తర్వాతి వారమే దిగాడు. అలా ఆడుతూ ఆడుతూ, రిచ్‌మండ్ ఆటగాడు జాక్ టైటస్ పేరిట యాభై ఏళ్ళకి పైగా ఉన్న వరస ఆటల రికార్డు దాటేశాడు.

1996లో మెల్‌బోర్న్‌నీ హాథార్న్‌నీ కలిపేసి ఒకే క్లబ్బు చేద్దామన్నారు. డబ్బుల కష్టం. పెద్దాయన కోటు, టై కట్టుకుని డాలస్ బ్రూక్స్ హాల్లో ఓటింగ్‌కి వెళ్ళాడు, వద్దని ఓటేసి వచ్చాడు. మెల్‌బోర్న్ సభ్యుల్లో స్వల్ప మెజారిటీ సరేనంది. హాథార్న్ వాళ్ళే ఒప్పుకోలేదు, ఆ మాట అక్కడితో ఆగిపోయింది. "చూశావా సార్, ఇన్నేళ్ళకి హాథార్న్ మనకో మేలు చేసింది" అన్నాడు.

అంతకు ముందు ఏడే నాన్న పోయాడు. టెలిగ్రామ్ అందాక టికెట్ దొరికి వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. ఆయన ట్రంకుపెట్టెలో నా ఏరోగ్రామ్‌లన్నీ తేదీల వారీగా పురికొసతో కట్టి ఉన్నాయి.

1998లో స్టైన్స్ చెయ్యి విరిగింది. 244 ఆటలు వరసగా ఆడి, ఆ వారం ఆడలేదు. ఆ శనివారం ఉదయం పేపర్లో జట్టు పేర్లు చూశాను. మళ్ళీ చూశాను. ఇంట్లో అప్పటికి ఏరోగ్రామ్‌లు కొనడం మానేశాం. సొరుగులో ఒకటి మిగిలుంటే తీశాను. ఎవరికి రాయాలో తోచక మళ్ళీ లోపల పెట్టేశాను. ఆ ఏడాది చివర్లో అతను ఆట మానేశాడు. మొత్తం 264 ఆటలు.

* * *

పెద్దాయన ఆ తర్వాత ఎక్కువ ఏళ్ళు బతకలేదు. నిద్రలో పోయాడు. ఆయన కూతురు పెర్త్‌లో స్థిరపడింది. ఇల్లు ఖాళీ చేస్తూ ఎరుపు, నీలం ఉన్ని మఫ్లర్ తెచ్చి నాకిచ్చింది. తోలు సంచీ తను ఉంచుకుంది. మఫ్లర్‌కి తైలం వాసన. మా ఆవిడ రెండుసార్లు ఉతికింది, పోలేదు. మూడోసారి ఉతకనివ్వలేదు నేను.

వేవర్లీ గ్రౌండ్‌లో ఆటలు ఆగిపోయాయి. అక్కడ ఇళ్ళు కట్టారు. మనవాళ్ళొకరు అందులో ఇల్లు కొనుక్కుని గృహప్రవేశానికి పిలిచారు. లోపల పాలు పొంగిస్తుంటే నేను మెల్లగా బయటికి జారుకున్నాను. నడిమి పచ్చికా, పాత స్టాండు ఒక ముక్కా అలాగే ఉంచారు. మేం నిలబడ్డ చోటు మాత్రం గుర్తుపట్టలేకపోయాను. అక్కడెక్కడో ఒక గ్యారేజీ ఉంది. బకనారా తన్నింది ఏ వైపు స్తంభాలకని వెతుక్కుంటూ తిరుగుతుంటే మా అబ్బాయి వచ్చి, "నాన్నా, వడ్డన మొదలైంది" అన్నాడు.

స్టైన్స్ మాత్రం కనిపిస్తూనే ఉన్నాడు. ఇంకా ఆడుతుండగానే, 1994లో, పాల్ కర్రీ అనే సినిమా దర్శకుడితో కలిసి రీచ్ అనే సంస్థ పెట్టాడు. దారి తోచని కుర్రాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించడం దాని పని. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు పెద్దాయన షెడ్డే గుర్తొచ్చేది, తైలం లేదన్న మాటే గానీ. 2008లో అప్పుల్లో మునిగిన క్లబ్బుకి అధ్యక్షుడయ్యాడు. ఐదు మిలియన్ డాలర్ల దాకా ఉన్న బాకీని రెండేళ్ళలో తీర్చేశారు. మధ్యలో 2009లో క్యాన్సరని తేలింది. తల మీద కుట్లతో, టోపీ పెట్టుకుని మీటింగులకి వచ్చేవాడు. 2012 మార్చిలో పోయాడు. నలభై ఐదేళ్ళు.

ప్రభుత్వ లాంఛనాలతో సెయింట్ పాల్స్ చర్చిలో అంత్యక్రియలు. ఎదురుగా ఫెడరేషన్ స్క్వేర్‌లో పెద్ద తెర మీద చూపించారు. మఫ్లర్ వేసుకుని వెళ్ళాను. మార్చిలో ఉన్ని మఫ్లర్ వేసుకున్నది నేనొక్కణ్ణే అనుకున్నా, చూస్తే వందల మంది. పక్కన హాథార్న్ జెర్సీలో ఒక నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తెర మీద శవపేటిక కదిలినప్పుడు ఆయన టోపీ తీశాడు. ఎంసీజీ బయట విగ్రహం, నది ఒడ్డున అతని పేరు పెట్టిన నడక వంతెన తర్వాత వచ్చాయి. వంతెన మీద అప్పుడప్పుడు నడుస్తుంటాను, లేదా మోకాలు ఒప్పుకున్నంత కాలం నడిచాను.

* * *

2021 సెప్టెంబరు. ఊరంతా లాక్‌డౌన్. రాత్రి తొమ్మిది దాటితే గుమ్మం దాటకూడదు. మెల్‌బోర్న్ గ్రాండ్ ఫైనల్‌కి వచ్చింది. ఆట మాత్రం మెల్‌బోర్న్‌లో కాదు, పెర్త్‌లో. ఇంట్లో మేమిద్దరమే. మా ఆవిడ పులిహోర చేసింది, తిథి వార నక్షత్రాలేమీ అడక్కుండా. మూడో క్వార్టర్లో మనవాళ్ళు పంతొమ్మిది పాయింట్లు వెనకబడ్డారు. లేచి వెళ్ళి మఫ్లర్ వేసుకుని వచ్చాను. వేరుశెనక్కాయల గిన్నె ముందు పెట్టుకుని ఒలుస్తూ కూర్చున్నాను. ఎవరి చేతిలో పెట్టాలో తెలియక బల్ల మీదే కుప్ప పోశాను. ఉన్నట్టుండి గోల్ మీద గోల్ పడటం మొదలైంది. ఆగితేనా.

140-66. కప్పు మనది, యాభై ఏడేళ్ళ తర్వాత.

ఆఖరి నిమిషంలో ఫోన్ మోగింది. పెర్త్ నంబరు. పెద్దాయన కూతురు. పండగలకి మెసేజ్ పెట్టడమే తప్ప ఫోన్ చేసి ఎన్నాళ్ళయ్యిందో. హలో అంటే జవాబు లేదు, హోరు తప్ప. సముద్రం పక్కన నిలబడ్డట్టుంది. స్టేడియంలో ఉందని అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. ఫోన్ పైకెత్తి పట్టుకున్నట్టుంది, సైరన్ వినపడింది. టీవీలో సైరన్ రెండు సెకన్ల తర్వాత మోగింది.

తర్వాత ఆమె గొంతు, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"విన్నారా సార్?"